చెదిరిన అచ్చు

బుధవారం నందిగామ కోర్టులో వాయిదా. క్రిస్మస్ సెలవులకి అక్షయని తండ్రి దగ్గరికి పంపాలో వద్దో ఆ రోజు తేలిపోతుంది. "పిల్ల అతని దగ్గర క్షేమంగా ఉండదని చెప్పడానికి ఒక్క కారణం దొరికితే చాలమ్మా, మిగతాది లాయరు గారు చూసుకుంటారు" అని మందుల వ్యాపారం చేసే అన్నయ్య భవానీప్రసాద్ కారు నడుపుతూ చెబుతుంటే, నీరజ కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. పోయిన వారం భాగం చివర ఆమెని మనం ఆ కారులోనే వదిలాం.

ఇప్పుడామె జగ్గయ్యపేట బజార్లో పురుగుమందుల షాపు పైనున్న కృష్ణప్రియ డ్రాయింగ్ క్లాసులో, ముందుగదిలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉంది. లోపలి గదిలో ఆమె ఎనిమిదేళ్ళ కూతురూ, పోయినేడు ఆమెకి విడాకులిచ్చిన కిషోర్‌బాబూ ఉన్నారు. మధ్యలో ఒక పల్చటి కర్టెన్.

ఆదివారం పొద్దున పూట తండ్రి పిల్లని కలవచ్చనీ, ఆ కలిసేది ఇద్దరి ఇళ్ళూ కాని చోటనీ కోర్టు చెప్పింది. కృష్ణప్రియ ఇద్దరికీ తెలిసిన మనిషి, ఎవరి పక్షానా మాట్లాడదు. అందుకని ఆవిడ క్లాసే ఖాయమైంది. కిషోర్‌బాబు నందిగామ నుంచి బస్సులో వస్తాడు. పళ్ళ డాక్టరు, సొంత క్లినిక్కు, నిన్న మొన్నటిదాకా కారు. అలాంటివాడు పల్లెవెలుగు బస్సు దిగి ఎండలో నడిచొస్తుంటే, కోర్టు జాలి కోసం నాటకం అనుకుంది నీరజ.

ఈ ఆదివారం లోపల జరుగుతున్నది కార్డు చెయ్యడం. స్కూల్లో క్రిస్మస్ వేడుకకి ప్రతి పిల్లా అమ్మతోనో నాన్నతోనో కలిసి చేత్తో చేసిన కార్డు పట్టుకెళ్ళాలి. పోయినేడు అక్షయ అమ్మతో చేసింది. ఈసారి "నాన్నతో చేస్తా" అంది. ఆ మాట అన్నప్పటినుంచీ నీరజకి అన్నం సయించడం లేదు.

"ముందు కాగితం మొత్తం నీళ్ళతో తడపాలి" అని లోపల్నుంచి కృష్ణప్రియ గొంతు. "మెరవాలి గానీ మడుగు కట్టకూడదు. ఆఁ, అంతే. ఇప్పుడు నీలంలో రవ్వంత నలుపు కలిపి పై అంచున పెట్టు. నువ్వు దిద్దబాకు అక్షయా, వదిలెయ్. అదే పాకుతూ కిందికి దిగుద్ది."

"ఉప్పు ఎప్పుడు చల్లాలి టీచర్?"

"తడి మెరుపు తగ్గేటప్పుడు. ముందే చల్లితే కరిగిపోద్ది, ఆరాక చల్లితే పట్టదు."

తడి మెరుపు తగ్గేదాకా ఆగారు. తర్వాత కల్లుప్పు కాగితం మీద పడుతున్న సన్నటి చప్పుడు. వెంటనే అక్షయ కేరింత. ఉప్పు కల్లు ఎక్కడ పడితే అక్కడ రంగుని తాగేసి, చుట్టూ తెల్లటి పువ్వులా విచ్చుకుంటుంది. పోయినేడు నీరజ కూడా అలాగే నోరు తెరుచుకుని చూసింది.

"మనూళ్ళో మంచు పడదుగా టీచర్?"

"పడదు. కానీ పొద్దున్నే పెనుగంచిప్రోలు దారిలో పత్తిచేల మీద చూళ్ళేదా? ఆ పొగమంచే మన మంచు."

కిషోర్‌బాబు ఏదో అన్నాడు. వినపడలేదు. ఈ మధ్య అతని గొంతు అలాగే ఉంటోంది, ఎదటివాళ్ళు వింటే వినండి లేకపోతే లేదన్నట్టు. కాపురం చివరి రోజుల్లో నీరజకి అన్నిటికంటే మంటపుట్టించింది ఆ గొంతే.

రంగు తడి ఆరడానికి కాగితాల్ని డాబా మీద ఎండలో పెట్టి తెచ్చారు. అక్షయ పని బాగా కుదరాలని చాలా కాగితాలే తడిపించింది కృష్ణప్రియ. ఉప్పు దులిపేశారు. ఇక అచ్చులు వెయ్యాలి. పెద్ద రబ్బరు ముక్కల మీద బ్లేడుతో కృష్ణప్రియ స్వయంగా చెక్కిన అచ్చులవి. ఒక క్రిస్మస్ చెట్టు, ఒక నక్షత్రం, చిమ్నీ ఉన్న చిన్న ఇల్లు.

"ఇంకు ప్యాడ్ మీద రెండుసార్లు తట్టి, నిలువుగా దించి, నొక్కి, మళ్ళీ నిలువుగా ఎత్తాలి. మధ్యలో కదిలిందా, పోయినట్టే. అక్షయా, ఇల్లు నువ్వెయ్యి. చెట్టు నాన్న వేస్తారు."

"నాన్నా! చెదిరిపోయింది!"

నీరజ తలెత్తింది.

"ఇంకోటి వెయ్యి. ఊఁ... నాన్నా! మళ్ళీనా!"

"నువ్వే వేసుకోరాదూ?" అతని గొంతు ఈసారి కాస్త వినపడింది.

"ఒక్కదాన్నే చేస్తే ఒప్పుకోరు. నువ్వూ వెయ్యాలి. సరిగ్గా వెయ్యి."

మరో కాగితం. మరో చప్పుడు. ఆ తర్వాత అక్షయ ఏడుపు గొంతుతో, "నువ్వు కావాలనే చేస్తున్నావ్!"

నీరజ లేచింది. గది దాటి లోపలికి వెళ్ళకూడదని ఎవరూ రాసిపెట్టలేదు గానీ, ఇన్ని ఆదివారాల్లో ఆమె ఒక్కసారి కూడా కర్టెన్ తీయలేదు. ఇప్పుడు తీసింది.

బల్ల మీద పాడైన కార్డులు పరిచి ఉన్నాయి. అన్నిట్లోనూ నీలి ఆకాశం, ఉప్పు మంచు ముద్దొస్తున్నాయి. అన్నిట్లోనూ కుడిపక్కన చెట్టు మాత్రం జంటగా పడింది. ఒక చెట్టు, దాన్ని ఆనుకుని వెంట్రుకవాసి పక్కకి జరిగిన ఇంకో చెట్టు. ఒకదానిలో కొమ్మలు పూర్తిగా అలికిపోయాయి.

"పిల్ల అడిగిందల్లా ఒక్క పూట" అంది నీరజ. "దానికీ ఓపిక లేదా మీకు?"

కిషోర్‌బాబు తలెత్తి చూశాడు. మొహంలో ఏమీ లేదు. కోపం లేదు, సిగ్గు లేదు. గోడ చూసినట్టు చూశాడు.

"అమ్మా, నువ్వు నాన్న చెయ్యి పట్టుకో" అంది అక్షయ కళ్ళు తుడుచుకుంటూ. "ఒకటో తరగతిలో నేను 'అ' దిద్దేటప్పుడు నా చెయ్యి పట్టుకున్నావుగా, అట్లా. నాన్నకి రావట్లేదు."

 కృష్ణప్రియ పాడైన కార్డుల్ని పక్కకి జరిపింది. ఒక్కటే మంచి కాగితం మిగిలింది. దాని మీద అక్షయ వేసిన ఇల్లు చక్కగా, గట్టిగా నిలబడి ఉంది.

"అమ్మా..."

నీరజ బల్ల దగ్గరికి వెళ్ళింది. అతను చెయ్యి వెనక్కి లాక్కోబోయాడు. ఈలోపే ఆమె అచ్చుతో సహా ఆ పిడికిలిని పట్టేసుకుంది.

ఏడాదిన్నర తర్వాత ముట్టుకుంటున్న చెయ్యి. ఆమె గుండె అదిరింది. మరుక్షణం అదిరింది తన గుండె కాదనీ, తన అరచేతి కింద ఉన్నదేదో అదురుతోందనీ తెలిసింది. బోరు ఆన్ చేశాక నీళ్ళు రాకముందు పైపు అదిరినట్టు, లోపల్నుంచి, ఆగకుండా. ఆమె గట్టిగా నొక్కి పట్టింది. ఆగలేదు.

మెల్లగా అతని మొహంలోకి చూసింది. అతను బల్ల వైపే చూస్తున్నాడు.

అచ్చు దించింది. తన బలమంతా పెట్టి నొక్కింది. ఎత్తింది. చెట్టు ఒక్కటే పడింది.

"వచ్చింది!" అని అక్షయ ఎగిరింది.

కృష్ణప్రియ ఆ ఇద్దరి చేతుల్నీ చూసింది. "దా అక్షయా, ఇంకు ఆరేదాకా డాబా మీద ఎండలో పట్టుకు నిలబడదాం. తర్వాత బ్రష్షుతో తెల్లరంగు చిలకరిద్దాం" అంటూ పిల్ల భుజం మీద చెయ్యేసి తీసుకెళ్ళిపోయింది.

నీరజ చెయ్యి ఇంకా వదల్లేదు.

"ఎన్నాళ్ళనుంచి?"

"ఏది?"

"నాతో ఆడొద్దు."

అతను చెయ్యి విడిపించుకుని జేబులో పెట్టుకున్నాడు. అలా జేబులో చెయ్యిపెట్టి నిలబడటం కూడా ఆమెకి పొగరుగానే కనిపించేది.

"రెండేళ్ళు దాటింది. మొదట బొటనవేలు. నిద్ర చాలక అనుకున్నా. ఒకరోజు వీరులపాడు నుంచి ఒకావిడ పన్ను తీయించుకోడానికి వచ్చింది. సూది ఆమె పెదవికి తగిలింది. రక్తమొచ్చింది. 'పర్లేదు డాక్టరు గారూ' అందావిడ. నాకు పర్లేదు అనిపించలేదు. హైదరాబాద్ వెళ్ళి చూపించుకున్నా. పార్కిన్సన్స్ అన్నారు. అది ముసలాళ్ళకి కదండీ వచ్చేది అన్నా. మీ వయసులోనూ కొంతమందికి వస్తుంది అన్నారు."

"అందుకే మాతో అన్నం తినడం మానేశారా?"

"ముద్ద నోటిదాకా వచ్చేది కాదు. నువ్వు చూస్తావని."

 "నా మొహం చూసి నవ్వడం మానేశారు. అది... అదీ దీనివల్లేనా?"

"మొహం బిగుసుకుపోతుంది నీరజా. నేను నవ్వుతున్నాననే అనుకునేవాణ్ణి. ఒకసారి అద్దంలో చూసుకున్నాక తెలిసింది, నవ్వట్లేదని."

ఆమె కుర్చీలో కూలబడింది. చివరి ఏడాదంతా కళ్ళముందు తిరిగింది. ఆమె కొత్త చీర కట్టుకొచ్చి నిలబడితే అతను నవ్వకుండా ఊరికే చూసిన చూపు. అక్షయ పుట్టినరోజున అందరూ నవ్వుతుంటే ఫొటోలో అతనొక్కడూ రాయిలా ఉన్నాడని అందరి ముందూ ఆమె అన్న మాటలు. గుండెలో జాలి పైకి తన్నుకొచ్చింది. దాని వెనకే, దాన్ని తోసుకుంటూ, కోపం వచ్చింది.

"నేనేం చేశానో తెలుసా? రోజూ అద్దం ముందు నిలబడి నాలో ఏం తక్కువైందా అని చూసుకునేదాన్ని. లావయ్యాననా? చదువు చాలదనా? ఇంకొకరెవరైనా ఉన్నారా అని మీ క్లినిక్కు ముందు ఆటోలో కూర్చుని కాపలా కాశాను, సిగ్గు లేకుండా. ఒక్క మాట చెప్తే అయిపోయేదిగా!"

"భయమేసింది."

"నేనేమైపోయినా పర్లేదనిపించింది, అంతేగా?"

 కింద బజార్లో ఎవరో బస్తాలు దించుతున్నారు. దబ్ దబ్ మని చప్పుడు నేలలోంచి పైకి వస్తోంది.

"పేషెంట్లని ఇంకా చూస్తున్నారా?"

"లేదు. ఆవిడ పెదవి తెగిన రోజే మానేశా. డాక్టర్ డేవిడ్‌రాజు అని, విజయవాడ నుంచి వస్తారు, ఆయనే చూస్తున్నారు. కారు కూడా అందుకే అమ్మేశా. అక్షయని పక్కన కూర్చోబెట్టుకుని హైవే మీద నడపకూడదని." కాస్త ఆగి, "బుధవారం ఇది చెప్పెయ్ నీరజా. మీ లాయరుకి కావల్సింది ఇదే. నేను కాదనను. నువ్వు గెలుస్తావు."

నిజమే. పొద్దున అన్నయ్య అడిగిన కారణం ఇప్పుడు ఆమె చేతిలో ఉంది. ఈ వణికే చెయ్యి ఒక్కసారి జడ్జిగారి ముందు చాపిస్తే చాలు. అంత సులువుగా గెలవడం ఆమెకి అసహ్యమనిపించింది.

"మందులెక్కడ కొంటున్నారు?" అంది, వేరే ఏదో మాట్లాడాలని. "నందిగామలో కొంటే సాయంత్రానికల్లా ఊరంతా తెలిసిపోవాలే. ఎట్లా దాచారు?"

అతను కిటికీలోంచి బయటికి చూడ్డం మొదలుపెట్టాడు.

"అడుగుతున్నా. ఎక్కడ కొంటున్నారు?"

"వదిలెయ్."

"విజయవాడా? హైదరాబాదా?"

"నీరజా, వదిలెయ్ అన్నానుగా."

ఆ కంగారు గొంతులో తెలిసింది, మొహంలో కాకపోయినా. ఆమె లేచి అతనికి ఎదురుగా వెళ్ళి నిలబడింది. చుట్టుపక్కల మండలాల్లో సగం మెడికల్ షాపులకి మందులు వెళ్ళేది జగ్గయ్యపేట నుంచే. జగ్గయ్యపేటలో మందుల హోల్‌సేల్ అంటే ముందుగా చెప్పే పేరు ఒక్కటే.

"అన్నయ్య దగ్గరా?"

అతను కాదనలేదు.

"అన్నయ్యకి తెలుసా?"

"మొదట చెప్పింది ఆయనకే. బయటికి పొక్కకుండా మందులు తెప్పించి పెట్టమని బతిమాలా. తెప్పించారు. ఇప్పటికీ పంపిస్తున్నారు, ఆ విషయంలో మాట తప్పలేదు. తర్వాత ఒకరోజు కూర్చోబెట్టి చెప్పారు. 'మా చెల్లెలి వయసెంత బావా? జీవితాంతం నీకు అన్నం తినిపిస్తూ కూర్చోవాలా? మర్యాదగా తప్పుకో. జబ్బు పేరెత్తొద్దు. ఎత్తితే నీరజ నిన్ను వదలదు. కుదరలేదు అని చెప్పు చాలు' అన్నారు. నాకూ అదే సబబనిపించింది."

"సబబనిపించింది" అని ఆ మాటని తిరిగి పలికింది నీరజ. "మీకు సబబనిపించింది. ఆయనకి సబబనిపించింది. మీరిద్దరూ కూర్చుని నా కాపురం తేల్చేశారు. నేను పక్కగదిలో కాఫీ కలుపుతూ ఉండి ఉంటా ఆ పూట, కదా? ఆ కాఫీ తాగే మాట్లాడుకుని ఉంటారు."

అతను తల దించుకున్నాడు. అది నిజమేనని ఆమెకి అర్థమైంది.

మెట్ల మీద చెప్పుల చప్పుడైంది. భవానీప్రసాద్ పైకి వచ్చాడు. తెల్లచొక్కా, చేతిలో కారు తాళాలు. తండ్రి పోయాక చెల్లెల్ని చదివించి, పెళ్ళి చేసి, విడాకులయ్యాక బజార్లో ఆమె చేత మ్యాచింగ్ సెంటర్ పెట్టించిన మనిషి. నీరజ ఇన్నాళ్ళూ దేవుడి తర్వాత అంతటివాడనుకున్న మనిషి.

"టైమైందమ్మా" అంటూ లోపలికి వచ్చి, బల్ల మీద కార్డులు చూసి ఆగిపోయాడు. ఒకటి తీసి చూశాడు. జంట చెట్టు. ఇంకోటి తీశాడు.

"ఇదేంటి? ఎవరు వేశారివి?"

"ఆయన" అంది నీరజ. "చెయ్యి వణుకుతోంది అన్నయ్యా. నీకు తెలీదా?"

భవానీప్రసాద్ కళ్ళు ఒక్కసారి కిషోర్‌బాబు వైపు వెళ్ళి తిరిగొచ్చాయి. "నాకెట్లా తెలుస్తుందమ్మా?"

ముప్ఫై నాలుగేళ్ళలో అన్నయ్య తనతో అబద్ధం చెప్పడం ఆమె అంత దగ్గరగా చూడ్డం అదే మొదలు. ఎంత తేలిగ్గా చెప్పాడు!

"ఆయన వేసుకునే టాబ్లెట్లు మన షాపువి."

భవానీప్రసాద్ కార్డు బల్ల మీద పెట్టాడు. కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. బేరం కుదరని రోజు మాట్లాడినట్టు, నిదానంగా అన్నాడు. "సరే. తెలుసు. తెలిసే చేశా. ఇప్పుడైనా అదే చేస్తా. నీకోసమొక్కటే కాదమ్మా. రేపు అక్షయ పెద్దదవుతుంది. ఫలానా జబ్బున్న ఇంటిపిల్ల అంటే మనవాళ్ళలో ఎవరొస్తారు? ఆ పేరు మన వీధిలో వినపడకూడదనుకున్నా. తప్పా?"

"నన్నడగకపోవడం తప్పు."

"అడిగితే నువ్వు ఉండిపోయేదానివి."

"అవును. ఉండిపోయేదాన్ని. అది నా ఇష్టం అన్నయ్యా. నీదీ కాదు, ఈయనదీ కాదు." ఆమె పాడైన కార్డుల్ని ఒక దొంతరగా పేర్చింది. "బుధవారం కోర్టులో నేను పిల్లని పంపిస్తానని చెప్తా. సెలవులంతా పంపిస్తా. లాయరుతో ఆ మాట నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా?"

"నీరజా..." అన్నాడు కిషోర్‌బాబు.

"మీరు మాట్లాడకండి. మీ మీద జాలితో కాదు చెప్పేది. మీ సంగతి వేరే తేలుస్తా."

భవానీప్రసాద్ మొహం ఎర్రబడింది. కోపమొస్తే అతను అరవడు, గొంతు ఇంకా తగ్గిస్తాడు. లేచి నిలబడి, కిషోర్‌బాబు కళ్ళలోకి చూస్తూ అడిగాడు.

"అంతా చెప్పేశావా బావా? లేక నన్ను దోషిని చెయ్యడానికి కావల్సినంత వరకే చెప్పావా?"

కిషోర్‌బాబు జేబులోంచి చెయ్యి బయటికి తీశాడు. అది ఇప్పుడు దాచుకోలేనంతగా ఊగుతోంది. "వద్దు బావగారూ. మీ కాళ్ళు పట్టుకుంటా. అది మాత్రం వద్దు."

"ఏది వద్దు?" అంది నీరజ.

"చెప్పమంటే చెప్పడు, అందుకే నేను చెప్తున్నా" అన్నాడు భవానీప్రసాద్ చెల్లెలి వైపు తిరిగి. "విడాకులకి ముందు వేసవిలో జూపార్కు చూపిస్తానని అక్షయని హైదరాబాద్ తీసుకెళ్ళాడు గుర్తుందా? చేతి మీద చిన్న ప్లాస్టరు వేసుకొచ్చింది. జారి పడిందని నీతో అన్నాడు. ఈ జబ్బు పిల్లకీ దిగుతుందేమోనని రక్తం తీయించి ఏ పరీక్ష చేయించాడో అడుగు. ఏం తేలిందో అడుగు. అడిగాక కూడా బుధవారం అదే మాట చెప్తానంటే, నేను అడ్డురాను."

నీరజ కిషోర్‌బాబు వైపు తిరిగింది. 

డాబా తలుపు కిర్రుమంది. గుమ్మంలో అక్షయ నిలబడి ఉంది, బుగ్గ మీద తెల్లరంగు చుక్కలతో. వెనకాల కృష్ణప్రియ ఆమెని లోపలికి రాకుండా పట్టుకోబోయి, ఆలస్యమైపోయి, చెయ్యి గాల్లోనే ఆపేసింది.

పిల్ల ముగ్గురి మొహాలూ వరసగా చూసింది. తర్వాత చొక్కా చెయ్యి మోచేతి పైదాకా మడుచుకుని, అక్కడేదో వెతుక్కుంటున్నట్టు చూసుకుంటూ అడిగింది.

"నాకేమైంది మావయ్యా?"